దాతల బీరువాల నుంచి సబ్జెక్టు వరసకి: చెన్నైలో ఒక తెలుగు రీడింగ్ రూమ్ కేస్ స్టడీ

కోడంబాక్కం పక్కన ఒక పాత తెలుగు సంఘం వాళ్ళ రీడింగ్ రూమ్ ఉంది, దాన్ని సబ్జెక్టు ప్రకారం సర్దిన పని గురించి ఇది. సంఘం పేరు రాయట్లేదు, ఏరియా మాత్రం చెప్పాలి ఎందుకంటే కొన్ని నిర్ణయాలు ఆ ఏరియా వల్లే అలా తీసుకున్నాం. నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలో పని చేస్తా, అక్కడ పుస్తకానికి డ్యూయీ నంబరు (పుస్తకం ఏ సబ్జెక్టుదో చెప్పే అంకెల గుర్తు) వెయ్యడం పెద్ద విషయం కాదు, పబ్లిషరే చాలాసార్లు వెనక పేజీలో వేసిస్తాడు. ఇక్కడ మూడు వేల పైచిలుకు పుస్తకాలు, ముప్పాతిక వంతు తెలుగు సాహిత్యం, దేని మీదా ఏ నంబరూ లేదు, అసలు కొన్నిటికి అట్టలే లేవు.

ముందున్న పద్ధతి ఏంటంటే దాతల వరస. ఎవరైనా పెద్దాయన పోతే వాళ్ళ పిల్లలు ఆయన పుస్తకాలన్నీ స్టీలు బీరువాతో సహా తెచ్చి ఇచ్చేవాళ్ళు, తలుపు మీద ఫలానా వారి జ్ఞాపకార్థం అని పెయింటుతో రాయించి మరీ. దాంతో ఒకే నవల నాలుగు బీరువాల్లో నాలుగు కాపీలు ఉండేది, భారతం మాత్రం మూడు పర్వాలు ఒక చోట రెండు పర్వాలు ఇంకో చోట. పుస్తకం మీద రాసింది బీరువా నంబరు, అర నంబరు. పాతకాలంలో చాలా లైబ్రరీల్లో ఇదే నడిచింది, పుస్తకానికి ఒక స్థలం రాసేస్తే అది ఇక అక్కడే. మెల్విల్ డ్యూయీ 1876లో తన పట్టిక వేసినప్పుడు అందులో అసలైన లాభం ఏంటంటే నంబరు చెక్క మీద కాకుండా పుస్తకం విషయం మీద ఆధారపడటం, అర మారినా గది మారినా నంబరు మారదు, మధ్యలో కొత్త పుస్తకం వస్తే మిగతావి పక్కకి జరుగుతాయి అంతే.

ఇక్కడ క్యాటలాగు అంటే అటెండర్ తాతగారి బుర్ర. "చలం గారిదా? డాక్టరు గారి బీరువా, మూడో అర, ఎర్ర అట్ట, పక్కన చిరిగిన శబ్దరత్నాకరం ఉంటది చూడమ్మా" అని కుర్చీలోంచి లేవకుండా చెప్పేవాడు, ఒక్కసారి కూడా తప్పు పోయేది కాదు. ఆయన ఊరెళ్తే రీడింగ్ రూమ్ పేపర్లు చదువుకోడానికి తప్ప ఎందుకూ పనికొచ్చేది కాదు.

పుస్తకాలు ముట్టుకునే ముందు రెండు పనులు చేశాం. పాత ఇష్యూ రిజిస్టర్లు తిరగేశాం, ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఏం అడుగుతున్నారో వాళ్ళ మాటల్లోనే చీటీల మీద రాయమని తాతగారికీ వాలంటీర్లకీ చెప్పాం. చీటీల్లో ఉన్నవి ఇలాంటివి: పారాయణకి సుందరకాండ పెద్దక్షరాలది. పాత సీరియల్ నవలలు ఏవైనా. మనవడికి చదివి వినిపించడానికి కథలు. సావిత్రి గారి మీద ఏమైనా ఉందా. త్యాగరాజ కృతులు స్వరంతో ఉన్నవి. మెడ్రాస్ మనదే అన్న గొడవ గురించి పుస్తకం (ఇది ఒక ఐటీ కుర్రాడు, ఐటీ కంపెనీలుండే ఓఎమ్ఆర్ రోడ్డు నుంచి వచ్చాడు, పాపం రెండు బస్సులు మారి). ఈ చీటీలన్నీ టేబుల్ మీద పరిచి గుంపులు చేస్తే మాకు కావాల్సిన వర్గీకరణ సగం అక్కడే కనిపించింది. నంబరు చివర్లో వస్తుంది, ముందు తేల్చాల్సింది ఈ పుస్తకం కోసం వచ్చినవాడికి దాని పక్కన ఇంకేం కనపడాలి అన్నది.

ఇది నా సొంత తెలివి కాదు, ఇదే ఊళ్ళో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ చెప్పిందే. ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారు, 1924 జనవరిలో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యాడు (తెలుగువాళ్ళకి ఇంకో గుర్తు, మద్రాసులోనే భారతి పత్రిక మొదలైంది కూడా ఆ నెలలోనే). లండన్ పంపితే అక్కడ సెల్ఫ్రిడ్జెస్ షాపులో మెకానో బొమ్మల సెట్టు చూసి, ఈ ఇనప ముక్కలు బిగించి ఎన్ని బొమ్మలైనా చేసినట్టు సబ్జెక్టు ముక్కలు బిగించి ఎన్ని నంబర్లైనా చెయ్యొచ్చు కదా అనుకున్నాడు, అదే 1933లో కోలన్ వర్గీకరణగా అచ్చయింది. ఆయన అరల గురించి చెప్పిన మాట ఒకటుంది: పాఠకుడు నిలబడ్డ చోట నడిమధ్యన సరిగ్గా అతనికి కావాల్సినవి ఉండాలి, అటూ ఇటూ దగ్గర చుట్టాల్లాంటి పుస్తకాలు, ఇంకా అవతలికి పోతేనే సంబంధం లేనివి. డ్యూయీ వాడినా కోలన్ వాడినా నేను ఈ ఒక్కదాన్ని పరీక్షగా పెట్టుకుంటా.

మరి రంగనాథన్ ఊళ్ళో కోలన్ ఎందుకు వాడలేదని కమిటీలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు గట్టిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కోలన్‌లో సాహిత్యం చాలా అందంగా ఉంటుంది, రచయితని పుట్టిన సంవత్సరంతో గుర్తిస్తారు. షేక్స్పియర్ అంటే ఓ111,2జె64, అందులో ఓ సాహిత్యం, 111 ఇంగ్లీషు, 2 నాటకం, జె64 అంటే 1564లో పుట్టాడని. మనవాళ్ళకి వేస్తే గురజాడ ఎమ్62, చలం ఎమ్94, విశ్వనాథ ఎమ్95, శ్రీశ్రీ ఎన్10. అర వెంబడి నడిస్తే కవిత్వ చరిత్ర వరసగా దాటుకుంటూ పోయినట్టే, ఎంఏ తెలుగు పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి. కానీ సీరియల్ నవల కోసం వచ్చిన ఆవిడకి రచయిత్రి పుట్టిన సంవత్సరం తెలియాలని నేను అనలేను, పైగా నంబరు కట్టడం వారం వారం మారే వాలంటీర్ల పని కాదు, కట్టేవాడికి ట్రైనింగ్ కావాలి. డ్యూయీలో అయితే రెడీగా ఉన్న నంబర్లు చూసి రాసుకోవచ్చు. లెక్చరర్ గారు పూర్తిగా ఒప్పుకోలేదు, నేను కూడా కవిత్వం అర దగ్గర మాత్రం ఆయన మాట కొంచెం విన్నా, అది తర్వాత చెప్తా.

డ్యూయీతో మొదటి ఇబ్బంది వెంటనే వచ్చింది. తెలుగు సాహిత్యం నంబరు 894.827, దాని వెనక 1 కవిత్వం, 2 నాటకం, 3 కథ నవల, 4 వ్యాసాలు. అంటే నవలంటే 894.8273. ఇంగ్లీషు నవలకి 823 అని మూడంకెల్లో అయిపోయేది మనకి ఏడంకెలు, అదీ గదిలో సగం పుస్తకాల మీద ఒకే నంబరు. ముందున్న ఆరు అంకెలూ ఎవరికీ ఏమీ చెప్పవు. డ్యూయీ పుస్తకంలోనే దీనికి దారి ఇచ్చారు, చాలామంది అంత దూరం చదవరు: స్థానిక సాహిత్యానికి ప్రాముఖ్యం కావాలంటే పొట్టి నంబరు ఇచ్చుకోవచ్చు, అంకె బదులు ఒక అక్షరం కూడా పెట్టుకోవచ్చు. మేం 894.827 మొత్తం తీసేసి 'తె' అని పెట్టాం. తె1 కవిత్వం, తె2 నాటకం, తె3 నవల కథ, తె4 వ్యాసం. అసలు పూర్తి నంబరు రిజిస్టర్లో ఉంది, రేపు ఎప్పుడైనా కంప్యూటర్ క్యాటలాగులో కలపాలంటే పనికొస్తుంది. పుస్తకం వీపు మీద మాత్రం తె3, కింద రచయిత గుర్తు.

రెండో ఇబ్బంది శరత్ బాబు, అంటే బెంగాలీ నవలలు రాసిన శరత్ చంద్ర. డ్యూయీ ప్రకారం అనువాదం అసలు భాష వెంటే పోతుంది, శరత్ నవల తెలుగులో ఉన్నా బెంగాలీ సాహిత్యం కిందకే, 891.44 దగ్గర. యూనివర్సిటీలో అది సబబే. ఇక్కడ శరత్ కోసం వచ్చే అరవై దాటిన అమ్మలకి ఆయన పరాయివాడని చెప్తే నమ్మరు, నిజంగానే ఒకావిడ "శరత్ తెలుగాయన కాదా" అని అడిగింది. తెలుగులో చదివే నవల ఏ భాషదైనా తె3లోనే, రచయిత పేరు వరసలో. టాల్‌స్టాయ్ కూడా అక్కడే. ఇది రూలుకి విరుద్ధం, మాకు తెలుసు, రిజిస్టర్ మొదటి పేజీలో మన నిర్ణయం అని రాసి సంతకం పెట్టించాం. ఈ పేజీ చాలా ముఖ్యం, ఇది లేకపోతే రేపొచ్చే లైబ్రేరియన్ తప్పు అనుకుని దిద్దడం మొదలుపెడతాడు, సగం దిద్ది వదిలేస్తాడు.

అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చున్నది రామాయణ భారత భాగవతాల దగ్గర. డ్యూయీలో మతం 200ల్లో ఉంటుంది, అందులో 220 నుంచి 280 దాకా క్రైస్తవానికే పోయింది, హిందూ మతం మొత్తం 294.5లో ఇరుక్కుని ఉంటుంది, రామాయణం 294.5922, మహాభారతం 294.5923, గీత 294.5924, పురాణాలు 294.5925. దీని మీద ప్రపంచమంతా విమర్శలు ఉన్నాయి, మళ్ళీ నేను రాయక్కర్లేదు. మా సమస్య వేరే. పోతన భాగవతం ఎక్కడ? కవిత్రయం? మొల్ల? విశ్వనాథ కల్పవృక్షం? కల్పవృక్షాన్ని పారాయణ చేసేవాళ్ళు ఎవరూ మాకు తగల్లేదు, అది తె1లోకి తేలిగ్గా పోయింది. పోతన అలా కాదు. గజేంద్ర మోక్షం పద్యాలు నోటికి వచ్చినవాళ్ళు భక్తితో అడుగుతారు, అవే పద్యాలు అవధానం నేర్చుకునే కుర్రాడు ఛందస్సు కోసం అడుగుతాడు.

చీటీలు మళ్ళీ చూశాం. అడిగేవాళ్ళు రెండు రకాలు, కవి పేరుతో అడిగేవాళ్ళు, దేవుడి పేరుతో అడిగేవాళ్ళు. "పోతన భాగవతం ఉందా" అన్నవాళ్ళకి కవి కావాలి, "భాగవతం వచనంలో ఉందా అండీ" అన్నవాళ్ళకి కథ, పుణ్యం రెండూ కావాలి. కాబట్టి ఒక కవి పేరుతో నిలిచిన పద్యకావ్యం ఏదైనా తె1, వచన అనువాదాలు, తాత్పర్యాలు, పారాయణ గ్రంథాలు, స్తోత్రాలు 294.5. రెండు చోట్లా డమ్మీ పెట్టాం, పుస్తకం మందాన చెక్క ముక్క, దాని మీద కాయితం అంటించి "పోతన గారు కవిత్వం అరలో ఉన్నారు" అని. ఆ డమ్మీలు చూసి కమిటీ ప్రెసిడెంట్ గారు నవ్వారు, కానీ గది మొత్తంలో జనం ఎక్కువ వాడేవి అవే. లెక్చరర్ గారి మాట విన్నానని చెప్పింది ఇక్కడే, తె1లో ప్రాచీన కావ్యాల్ని రచయిత అక్షరం ప్రకారం కాకుండా కాలం ప్రకారం పెట్టాం, నన్నయ దగ్గర మొదలై శ్రీనాథుడు, పోతన, పెద్దన అలా. గురజాడ నుంచి ఇటువైపు మళ్ళీ అక్షర క్రమమే.

పంచాంగం, ముహూర్తం, వ్రతం, ఈ మూడూ డ్యూయీలో మూడు ఊళ్ళు. క్యాలెండర్ లెక్కలు 529, జ్యోతిషం 133.5, పూజా విధానం 294.5. మా ఇళ్ళల్లో మాత్రం ఈ మూడూ ఒకే గూట్లో ఉంటాయి, అందుకే 133.5 మొత్తాన్నీ తెలుగు పంచాంగాల్నీ 294.5 చివరికి లాగేశాం. యోగా ఇంకా తమాషా, తత్వమైతే 181.45, సాధనగా 294.5436, ఒళ్ళు తగ్గడానికైతే 613.7046. దీన్ని కలపలేదు. ఆసనాల ఫొటోలు చూసుకునేవాళ్ళు పతంజలి పక్కన ఏం వెతకరు, ఆయుర్వేదం 615.538 పక్కనే ఆగుతారు, అదే మంచిది. వంట, కుట్లు, తోటపని గురించి చెప్పడానికేం లేదు, డ్యూయీ ఎలా అంటే అలా.

ఇంక కోడంబాక్కం. ఇక్కడ సినిమా ఒక సబ్జెక్టు కాదు, ఇంటి విషయం, చందాదారుల్లో పాత జూనియర్ ఆర్టిస్టులు ఉన్నారు, రికార్డింగ్ థియేటర్లలో వయొలిన్ వాయించినవాళ్ళు ఉన్నారు. సినిమా 791.43, జీవిత చరిత్రలు వేరే 920లో పెట్టుకోవచ్చు, పాటలు 782.42, స్క్రీన్‌ప్లే ఇంకెక్కడో. అంతా కలిపి 791.43 కిందే, నటీనటుల జీవితాలతో సహా, పాటల పుస్తకాలతో సహా. రాజకీయాల్లోకి వెళ్ళిన నటుల మీద పుస్తకాలు ఎక్కడ అని పెద్ద రగడ అయింది, ఎన్టీఆర్ గారి మీద ఏడెనిమిది పుస్తకాలున్నాయి మరి, పుస్తకంలో ఎక్కువ పేజీలు దేని గురించైతే అక్కడ అని తేల్చాం. తాతగారు మాత్రం అన్నీ సినిమాలోనే ఉండాలంటాడు, "ఆయన మెడ్రాస్‌లో ఉన్నన్నాళ్ళూ సినిమానే కదమ్మా చేశాడు" అని. లాజిక్ ఉంది.

సంగీతం మార్గళి సీజన్ కోసం. డిసెంబర్ వచ్చిందంటే మైలాపూర్ నుంచి టీనగర్ దాకా కచేరీలే, అప్పుడు తమిళం తప్ప తెలుగు చదవడం రాని పాడేవాళ్ళు కూడా మా దగ్గరికి వస్తారు, త్యాగరాజు సాహిత్యం అర్థం చెప్పించుకోడానికి. అందుకని స్వరంతో ఉన్న కృతులు, అర్థంతో ఉన్న కృతులు రెండూ 780లలో పక్కపక్కనే. అన్నమయ్యకి కూడా ఇదే. పాండిత్య పరిశోధన గ్రంథాలు మాత్రం తె1 వైపు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన అర మేం కొత్తగా పుట్టించిందే. ఐటీ కుర్రాడి చీటీ గుర్తుంది కదా. డ్యూయీలో ఆంధ్ర చరిత్ర 954.84, తమిళనాడు 954.82, జస్టిస్ పార్టీ అయితే రాజకీయ పార్టీల కింద 324లో, పొట్టి శ్రీరాములు గారి జీవితం 920లో, సి.పి. బ్రౌన్ భాషలో. ఇవన్నీ ఒకే కథ. టీనగర్‌లో టీ అంటే త్యాగరాయ, జస్టిస్ పార్టీ పిట్టి త్యాగరాయ చెట్టి గారు, ఆయన తెలుగువారు. శ్రీరాములు గారు ప్రాణం విడిచింది 1952 డిసెంబర్ 15న ఇక్కడే మైలాపూర్‌లో బులుసు సాంబమూర్తి గారింట్లో, తర్వాతి ఏడు అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. చందమామ 1947 జూలైలో తెలుగు తమిళాల్లో మొదలైంది ఈ ఊళ్ళోనే. వీటిని విడదీస్తే ఒక్కో అరలో ఒక్కో పుస్తకం ఒంటరిగా పడుంటుంది, కలిపితే రెండు అరల నిండా మద్రాసు తెలుగువాళ్ళ చరిత్ర. నంబరు 954.82 ఇచ్చి పైన 'మ' అని అక్షరం కట్టాం, తలుపు నుంచి చూస్తే ఎదురుగా కనపడేలా పెట్టాం. చందమామ బౌండ్ వాల్యూములు మాత్రం పిల్లల దగ్గరే, చరిత్ర అని పెద్దల అరలో పెడితే పిల్లలకి దక్కవు.

రచయిత గుర్తు గురించి చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. ఇంగ్లీషు పుస్తకాలకి కటర్ పట్టికలున్నాయి, రచయిత పేరుని పొట్టి గుర్తుగా మార్చేవి, తెలుగుకి మేం జనం పిలిచే పేరులో మొదటి రెండు అక్షరాలు తీసుకున్నాం. జనం పిలిచే పేరు అన్నది కీలకం. విశ్వనాథ అంటే ఇంటిపేరు, చలం అంటే అసలు పేరులో తోక, ఆరుద్ర అంటే కలం పేరు, ఆయన భాగవతుల సదాశివ శంకర శాస్త్రి అని తెలిసినవాళ్ళు గదిలో ఇద్దరే ఉన్నారు. ఒకే రూలు పెట్టి అందర్నీ ఇంటిపేరు కింద వేస్తే శ్రీశ్రీ శ్రీరంగం అయిపోతాడు, అదృష్టం కొద్దీ రెండు పేర్లకీ మొదటి అక్షరం శ్రీనే. ఇక వరస. కంప్యూటర్లో మామూలుగా సార్ట్ కొడితే సున్న ఉన్న పదం క కన్నా ముందొస్తుంది, అంటే అంగర అనేది అక్కిరాజు కన్నా ముందు, పెద్దవాళ్ళేమో 'అం'ని ఔ తర్వాత వెతుకుతారు. 'క్ష' కంప్యూటర్‌కి క గుణింతం చివర, బళ్ళో నేర్చుకున్నవాళ్ళకి అక్షరమాల చివర. మేం కంప్యూటర్ వరసే ఉంచేసి అక్షరాల చార్టు గోడకి కొట్టాం. చార్టు అసలు అవసరం పెద్దవాళ్ళ కన్నా పిల్లలకి, చెన్నై బళ్ళలో చదివే తెలుగు పిల్లలకి ఇంగ్లీషు అక్షరాల వరస నిద్రలో లేపినా వస్తుంది, ట తర్వాత ఏంటంటే మాత్రం తడుముకుంటారు. పిల్లల అరకి అసలు అక్షరాలే వద్దనుకుని రంగు పట్టీలు వేశాం, బొమ్మల కథలు పచ్చ, నీతి కథలు పసుపు, సైన్సు నీలం.

చెక్కా ఇనుమూ సంగతులు. 2015 డిసెంబర్ వరదల్లో ఈ గదిలోకి నీళ్ళు వచ్చాయి, అందుకని కింద అరలో ఏమీ పెట్టొద్దని కమిటీదే షరతు, సంతోషంగా ఒప్పుకున్నా. ప్రతి అరలో మూడో వంతు ఖాళీ వదిలాం. సబ్జెక్టు వరసకి ఖాళీ లేకపోతే ఒక్క కొత్త పుస్తకం కోసం గది మొత్తం జరపాల్సొస్తుంది, ఇది చూసినవాళ్ళందరూ "ఇంత చోటు వృథానా" అంటారు, ఎన్నిసార్లు చెప్పినా అంటారు. లేబుల్ అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో, అన్నిటికీ ఒకే ఎత్తు, మీద పారదర్శక టేపు, ఎందుకంటే సముద్రపు తేమకి ఉత్త గమ్ము నెల కూడా ఆగదు.

దాతల కుటుంబాల దగ్గర మాత్రం నెమ్మదిగా వెళ్ళాం. ఒకాయన వచ్చి తలుపు మీద నాన్నగారి పేరు ఉండగా లోపల వేరేవాళ్ళ పుస్తకాలేంటి అని అడిగారు, కోపంగా కాదు, బాధగా. బీరువాల మీద పేర్లు చెరపలేదు. ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద దాత పేరుతో చీటీ అంటించాం, రిజిస్టర్లో దాత కాలమ్ పెట్టాం, ఆయన నాన్నగారి పుస్తకాలన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక జాబితా తీసి ఆయన చేతికిచ్చాం. "నాన్న ఇన్ని రకాలు చదివేవాడా" అన్నారాయన, బీరువాలో కలిసిపోయి ఉన్నప్పుడు ఆ సంగతి కనపడలేదు మరి. డబుల్ కాపీలు పక్కన పెట్టడానికి ఒప్పుకున్న మొదటి కుటుంబం కూడా వాళ్ళదే.

ఇప్పుడు ఏం మారిందంటే, నవలల ఇష్యూ పెద్దగా మారలేదు, అవి ఎలాగైనా పోతాయి. మారింది నవల కానివి, ముఖ్యంగా మద్రాసు తెలుగు అర, సంగీతం, వ్యాసాలు. ఇష్యూ రిజిస్టర్లో ఇంతకుముందు కనపడని పేర్లు కనపడుతున్నాయి, ఒకటి తీసుకోడానికి వచ్చి పక్కది కూడా పట్టుకెళ్తున్నారు. తాతగారు మొదట్లో అలిగాడు, ఇప్పుడు షెల్ఫ్ సరిచూసే పని ఆయనదే, తప్పు చోట ఉన్న పుస్తకాన్ని నంబరు చూడకుండా అట్ట చూసే పట్టేస్తాడు.

తేలనిది ఒకటుంది, అవధానం పుస్తకాలు. కవిత్వం అని తె1లో వేశాం, లెక్చరర్ గారు అది ప్రదర్శన కళ అంటారు, ఒక వాలంటీర్ అమ్మాయి జ్ఞాపకశక్తి సాధన కాబట్టి 153.14 అంటుంది, అడగడానికి వచ్చే కుర్రాళ్ళేమో ఛందస్సు పుస్తకాల పక్కన వెతుకుతున్నారు. ఛందస్సు 494.827లో వ్యాకరణం పక్కన ఉంది, అక్కడ ఖాళీ ఉంది కూడా. వచ్చే మీటింగుకి పెట్టాం.